గోపురం కట్టువాని లెక్క

లూకా సువార్త 14వ అధ్యాయంలో ఒక చిన్న ఉపమానం ఉన్నది. గోపురం కట్టదలచినవాడు ముందుగా వ్యయమెంత అగునో, తన చేత నున్న ధనం చాలునో చాలదో లెక్క చూచుకొనవలెనన్నది దాని సారాంశం. దానికి కొంచెం పైననే మరింత కఠినమైన మాట కనబడుతుంది. తలిదండ్రులనూ, భార్యాబిడ్డలనూ, తుదకు తన ప్రాణాన్నీ పక్కకు పెట్టజాలనివాడు క్రీస్తుకు శిష్యుడు కానేరడట. శిష్యత్వపు వెలను గురించి మాట్లాడేవారందరూ ఈ రెంటినీ ఉదాహరిస్తారు. అయితే లెక్క వేసేవాడొకడు, చెల్లించేవారు వేరొకరు అయినప్పుడు ఏమవుతుందన్నది వారు సాధారణంగా అడగరు. ఆ వరుసలో భార్య ఉన్నది గాని, ఆమెకొక లెక్క ఉండునన్న ఊహ లేదు.

ఆ లెక్కను వ్రాసిపెట్టిన భార్య ఒకతె మన దేశంలో ఉన్నది. ఆమె లక్ష్మీబాయి తిలక్, గ్రంథం ‘స్మృతిచిత్రే’. మరాఠీ గద్యంలో దానికి సాటిరాగల స్వీయచరిత్రలు బహు కొద్ది.

భర్త నారాయణ వామన తిలక్. లోకమాన్యుడు వేరు, కులమూ ఇంటిపేరూ మాత్రం ఒకటే. ఈయన 1861లో కొంకణంలోని కరజగావ్‌లో జన్మించినాడు. కవి, వక్త, ఉదారుడు. చేతిలోని కాసు ఇతరుల చేతికి పోయేవరకు నిద్రపట్టనివాడు. ఒకచోట నిలకడగా ఉద్యోగం చేసే స్వభావం ఆయనది కాదు. పెండ్లినాటికి లక్ష్మీబాయికి పదకొండేండ్లు. ఆమెకు అక్షరాలు నేర్పినవాడు ఆయనే. ఆ అక్షరాలతోనే ఆమె తరువాత ఆయన గుణదోషాలను రెంటినీ దాచక వ్రాసినది.

1893లో తిలక్ రాజనందగావ్‌కు రైలులో పోతుండగా ఒక ఐరోపీయుడు తోడి ప్రయాణికుడై, మాటల నడుమ ఒక బైబిలు ఆయన చేతికిచ్చినాడు. కొండమీది ప్రసంగం ఆయనను పట్టుకొని విడువలేదు. రెండేండ్లు మథనపడి, 1895 ఫిబ్రవరి 10వ తేదీన బొంబాయిలో బాప్తిస్మం పొందినాడు. దొరల చేత గాక భారతీయుడైన పాదిరి చేతనే అది జరుగవలెనని ఆయన పట్టుపట్టినాడు. భార్య అంగీకారం మాత్రం ఆయన పొందలేదు.

ఆ నాటి బ్రాహ్మణ కుటుంబంలో దీని అర్థమేమిటో నేటి పాఠకునికి కొంత చెప్పక తప్పదు. విశ్వాసం మారినదన్నది తేలిక మాట, మారినది పంక్తి. అతనితో కూర్చుండి తిన్నవారికి కులం పోతుంది, అతని కుండలోని నీరు త్రాగినవారికి కులం పోతుంది. 1850 నాటి చట్టం మతం మారినవాని ఆస్తిహక్కును కాపాడినది. వంటయిల్లు ఏ చట్టానికీ అందలేదు. 1866లో మరొక చట్టం వచ్చినది. క్రైస్తవం పుచ్చుకొన్నవానిని ఆ కారణం చేత భార్య ఆరు నెలలు విడిచి యున్నచో అతడు న్యాయస్థానానికి పోవచ్చును. ఆమె రానన్నచో ఒక సంవత్సరం గడువిచ్చి వివాహాన్ని రద్దుచేయవచ్చును. తిలక్ ఆ దారి తొక్కలేదు. నిరీక్షించినాడు. ఆయన పక్షాన చెప్పదగిన మాటల్లో ఇది మొదటిది.

ఇక ఆమె సంగతి. లక్ష్మీబాయి మాతామహుని 1857 కల్లోలానంతరం ఉరితీసినారు. ఆ దెబ్బతో ఆమె తండ్రికి మడి ఒక వ్యాధివలె పట్టుకొన్నది. ఇంటికి వచ్చే ప్రతి వస్తువునూ, ఉప్పును సహితం, నీట కడిగించేవాడట! అటువంటి ఇంట పెరిగిన పిల్ల భర్త క్రైస్తవుడైనాడన్న వార్త విన్నది. కుమారుడు దత్తు అప్పటికి పసివాడు. అక్కాబావల అండన ఆమె పండరీపురం చేరినది. భర్త ఉన్నాడు, కాపురం లేదు. సువాసినియే గాని, ఆ మాటకు అర్థం లేదు. సుమారు అయిదు సంవత్సరాలిట్లు గడచినవి. తరువాతి కాలంలో తిలక్, తుకారాముని వంతెన మీదుగానే తాను క్రీస్తు వద్దకు చేరితినని చెప్పుకొనేవాడు. తుకారాముడు జీవితమంతా పాడుకొన్న విఠోబా పాదాల చెంతనే ఆ వంతెన వెలను ఆమె చెల్లిస్తూ ఉండెను.

అహమదునగరంలో భర్త వద్దకు ఆమె తిరిగి వచ్చుట లొంగిపోవుట కాదు. తన వంట తనది, తన నీరు తనది. బాప్తిస్మం మాట ఎత్తనక్కరలేదన్న వైఖరి. ఆ కట్టు సడలించినది ఏ పాదిరి బోధయూ కాదు, భర్త కవిత్వమూ కాదు. ఆమె స్వయంగా వేసుకొన్న ప్రశ్న. ఈ కులాలను దేవుడు చేసినాడా, మనుష్యులు చేసినారా? మనుష్యులు చేసినవే అని ఒకనాడు తోచినంతనే, ఎవరి చేతి అన్నమైనా నీరైనా పుచ్చుకొనుటకు ఆమె నిశ్చయించుకొన్నది. 1900లో బాప్తిస్మం పొందినది. భర్త మారిన తోవ వేరు, ఆమె మారిన తోవ వేరు. ఆయన గ్రంథం చదివి మారినాడు. ఆమె నీటికుండ వద్ద మారినది. నాకు రెండవదే కష్టతరమనిపిస్తుంది.

ఇక్కడ అనువాదకుడు ఒక మాట చెప్పుకొనవచ్చును. హిందీ బైబిలులో క్రీస్తు శిష్యులకు ‘చేలా’ అన్న మాట వాడినారు. సాధువు వెంట ఇల్లు విడిచి తిరిగేవాడు వెంటనే కన్నులకు కడతాడు. తెలుగు బైబిలులోని ‘శిష్యుడు’ గురువు ముందు కూర్చుండి చదువుకొనేవాడు. మొదటి మాటలో త్యాగం ఉన్నది, రెండవదానిలో అభ్యాసం. తిలక్ స్వభావం చేలాది, లక్ష్మీబాయిది శిష్యురాలిది.

ఆ చేలా స్వభావం చివరికి మిషనును కూడ దాటిపోయినది. 1917లో తిలక్ అమెరికన్ మరాఠీ మిషను కొలువు వదలి, జీతం వదలి, సన్న్యాసమని ప్రకటించినాడు. ఇల్లు గడుపుటన్నది మరల లక్ష్మీబాయి పాలబడినది. సతారాలో ఆయన ‘దేవాచా దర్బార్’ అన్న సహోదర సంఘం స్థాపించినాడు. బాప్తిస్మం పొందినవారికీ పొందనివారికీ అందులో సమానమైన చోటు. క్రీస్తును అనుసరించ గోరుటయే అర్హత. పాశ్చాత్య వేషం తొలగించి క్రీస్తును ఈ దేశపు వాడిగా నిలుపవలెనన్న ఆయన తపనకు అది సహజమైన ముగింపు. మన పురుషోత్తమ చౌదరి తెలుగు కీర్తనల్లో అంతకు ముందే చేసినదీ, తిలక్ అభంగాల్లో చేసినదీ ఆ పనియే. కాని ఇక్కడ చరిత్రకారుడు ఒక క్షణం ఆగవలసి ఉన్నది. బాప్తిస్మం లేకయే శిష్యుడు కావచ్చునని 1917లో చెప్పిన మనిషి, 1895లో ఆ బాప్తిస్మం కొరకే ఒక యువతిని అయిదేండ్లు దిక్కులేనిదానిగా చేసినాడు. నాటికి ఆ జ్ఞానం లేదనవచ్చును. ఆ దారిన నడవకుంటే ఈ చోటికి చేరేవాడు కాడనీ అనవచ్చును. రెండూ నిజమే కావచ్చు. ఖర్చు మాత్రం అప్పుడే, ఆమె ఖాతాలో, వ్రాయబడిపోయినది.

ఆశ్చర్యమేమంటే, ‘స్మృతిచిత్రే’లో ఈ ఖాతాను ఎవరి మీదా వసూలు చేయాలన్న ధోరణి లేదు. చదువరి నవ్వకుండా చాలాదూరం పోలేడు. తిలక్ మతిమరుపు, దాతృత్వం, కోపం, ప్రేమ అన్నిటినీ ఆమె ఒకే సమదృష్టితో చూచినది. తనను తాను కూడ విడిచిపెట్టలేదు. సంతుల చరిత్రలు వ్రాసేవారు భార్యను తెర వెనుకకు పంపుతారు. ఈ గ్రంథంలో తెర తీసినది భార్యయే.

తిలక్ 1919 మే 9న బొంబాయిలో మరణించినాడు. క్రీస్తు చరితాన్ని ఓవీ ఛందంలో ‘క్రిస్తాయన్’ అన్న పేర మహాకావ్యంగా ఆయన ఆరంభించినాడు గాని, తొలి అధ్యాయాలు కొన్ని మాత్రమే ముగిసినవి. బడి ముఖం చూడని లక్ష్మీబాయి తరువాతి అధ్యాయాలకు పూనుకొన్నది. అరవైకి పైగా వ్రాసినది. 1936లో ఆమె కన్నుమూసినది. పండరీపురంలో ఆమె చేయి పట్టుకొని తిరిగిన దత్తు, అప్పటికి దేవదత్త నారాయణ తిలక్, కావ్యానికి చివరి అధ్యాయం చేర్చినాడు.