వాతమా, పిత్తమా, కఫమా? బాడీ టైప్ క్విజ్ వెనక ఉన్న పాత కథ

ఫోన్ తీస్తే చాలు, ఏదో ఒక క్విజ్ కనిపిస్తుంది. మీ చర్మం పొడిగా ఉంటుందా, ఆకలి ఎలా వేస్తుంది, రాత్రి మధ్యలో మెలకువ వస్తుందా... ఓ ఇరవై ప్రశ్నలు నొక్కేసరికి "మీది వాత ప్రకృతి" అని కార్డు వస్తుంది. దాన్ని స్టేటస్‌లో పెట్టేస్తాం. నేనూ పెట్టా, అబద్ధం ఎందుకు.

మా బాబాయి కొడుకు ఉన్నాడు, డిగ్రీ రెండో సంవత్సరం. పోయినేడు ఉన్నట్టుండి చిక్కిపోయాడు. నీరసం, ఒకటే దాహం. ఏదో యాప్‌లో చూసుకుంటే వాతం అని వచ్చింది. "నా బాడీ టైపే ఇంత అన్నయ్యా" అని కొన్ని వారాలు నెయ్యి అన్నం, నువ్వుల నూనె మర్దనతో గడిపేశాడు. చివరికి కాలేజీలో కళ్లు తిరిగి పడిపోతే, రక్త పరీక్షలో షుగర్ అని తేలింది. ఇప్పుడు ఇన్సులిన్ తీసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ తర్వాతే నాకు పట్టుదల వచ్చింది, అసలు పాత గ్రంథాల్లో ఈ ప్రకృతి గురించి ఏముందో చూద్దామని.

చూస్తే ఏముంది, అక్కడ పెద్ద గొడవే ఉంది!

చరక సంహిత దాదాపు 2 వేల ఏళ్ల నాటిదని అంటారు. అందులో విమానస్థానం ఆరో అధ్యాయంలో ఒక వాదన వస్తుంది. కొందరేమో, మనుషులందరూ తిండి సరిగ్గా తినరు కాబట్టి మూడు దోషాలూ సమానంగా ఉన్నవాడు ఉండనే ఉండడు, అందరూ వాత ప్రకృతో, పిత్త ప్రకృతో, కఫ ప్రకృతో అంటారు. చరకం దీన్ని ఒప్పుకోదు. ప్రకృతి అంటే ఆరోగ్యం. ఒక దోషం ఎక్కువైన స్థితిని పట్టుకుని ప్రకృతి అనడమేంటి అని అడుగుతుంది. అలాంటివాళ్లు వాతలులు, పిత్తలులు, శ్లేష్మలులు, అంతే. ఇంకోచోట వాళ్లని "సదాతురులు" అని కూడా అంటుంది, అంటే ఎప్పుడూ జబ్బు అంచున ఉండేవాళ్లన్నమాట. మనం స్టేటస్‌లో పెట్టుకునేది దీన్నే!

సుశ్రుతుడి దారి వేరు. ఆయన ఏడు ప్రకృతులు చెప్పాడు: విడివిడిగా మూడు, రెండేసి కలిసినవి మూడు, అన్నీ కలిసింది ఒకటి. గర్భం ఏర్పడే వేళ ఏ దోషం బలంగా ఉంటే అదే ప్రకృతి అవుతుంది. అది మనిషికి హాని చెయ్యదు, విషంలో పుట్టిన పురుగు ఆ విషానికి చావదు కదా అంటాడు. ఆయన వర్ణనలు చదివితే భలే సరదాగా ఉంటాయి. వాతం వాళ్లు కలలో ఆకాశంలో తిరుగుతారట. పిత్తం వాళ్లకి బంగారం, మంటలు, మెరుపులు వస్తాయట. కఫం వాళ్లకి తామరలు, హంసలు, చెరువులు. జంతువులతో పోలికలు కూడా ఉన్నాయి. కఫానికి సింహం, ఏనుగు, గుర్రం ఇచ్చి, పాపం వాతానికి మేక, నక్క, ఒంటె, గాడిద ఇచ్చాడు.

ఈ పక్షపాతాన్ని వాగ్భటుడు దాచుకోలేదు. అష్టాంగహృదయం మొదటి అధ్యాయంలోనే వాతం హీనం, పిత్తం మధ్యమం, కఫం ఉత్తమం, సమధాతువు అన్నిటికన్నా శ్రేష్ఠం అని ర్యాంకులు ఇచ్చేశాడు. రెండు దోషాలు కలిసినవి నింద్యం అన్నాడు. క్విజ్‌లో మనలో చాలామందికి వచ్చేది "వాత-పిత్త" లాంటి జంటే కదా!

ఇక అసలు విషయం. చరకంలో రోగిని చూడడానికి పది పరీక్షలు ఉన్నాయి. మొదటిది ప్రకృతి, వెంటనే రెండోది వికృతి. తర్వాత కండ, మనోబలం, అరుగుదల శక్తి, శ్రమ చేసే శక్తి, వయసు ఇలా వెళ్తుంది. ఎందుకివన్నీ? రోగి బలం తెలిస్తేనే మందు ఎంత ఇవ్వాలో తెలుస్తుంది, బలహీనుడికి గట్టి మందు ఇస్తే ప్రాణం మీదకి వస్తుంది. అంటే ఇది వైద్యుడు రోగి పక్కన కూర్చుని చేసే పని. మావాడికి కొత్తగా వచ్చిన చిక్కిపోవడం, దాహం ఆ పాత లెక్కలోనే వికృతి. యాప్ దాన్ని తీసుకెళ్లి ప్రకృతి గడిలో వేసింది.

మరి వైద్యుడి చేతిలోది మన చేతిలోకి ఎలా వచ్చింది? ఇదంతా ఈమధ్య కథే. 1984లో వసంత్ లాడ్ అమెరికాలో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు, తర్వాత దీపక్ చోప్రా పుస్తకాలు వచ్చాయి. ఎవరికి వారే చూసుకునే ప్రశ్నల పట్టికలు అలా ఇంటింటికీ చేరాయి. పక్కనే వినిపించే "హోలిస్టిక్" కూడా సంస్కృతం నుంచి వచ్చిందేం కాదు. దాని మూలమైన హోలిజం అనే మాటని 1926లో తన పుస్తకంతో పుట్టించింది దక్షిణాఫ్రికా రాజకీయ నాయకుడు జాన్ స్మట్స్.

అలాగని ప్రకృతిని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదని కాదు. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. 3,416 మంది మగవాళ్లని పరిశీలించి, ఒకే ప్రకృతి స్పష్టంగా ఉన్నవాళ్లని ఏరితే 262 మంది మిగిలారు. వాళ్ల జన్యువుల్లో 52 చోట్ల తేడాలు కనిపించాయని రాశారు. నాకైతే ఆ 52 కన్నా 262 అనే అంకె దగ్గరే ఆగాలనిపించింది. నూటికి ఎనిమిది మంది కూడా లేరు!

మొన్న సంక్రాంతికి మావాడు అదే యాప్‌లో మళ్లీ నొక్కాడు. మందులతో కాస్త ఒళ్లు చేశాడు కదా, ఈసారి పిత్తం అని వచ్చింది. సుశ్రుతుడి ప్రకారం ప్రకృతి మారేది చావు దగ్గరపడ్డప్పుడే అని చెప్తే, అరిసె నా చేతిలోంచి లాక్కుని "నీకేమొచ్చింది చూపించు" అన్నాడు.