చెన్నపట్టణమున ఉప్పునీరు

సముద్రము నెదుట బెట్టుకొని మంచినీటికై అలమటించిన నగరములలో చెన్నపట్టణ మొకటి. 1772లో ఏడు బావుల నీరు కోటవారి దాహము తీర్చెను. 1872 నుండి కొసస్థలి నదీజలము రెడ్‌హిల్సు చెరువు మీదుగా ఊరికి వచ్చెను. జనము పెరిగినకొలది అదియు చాలదయ్యెను. అంతట నుత్తరమున మీంజూరు మొదలగు తావుల గొట్టపుబావులు వేసి, భూగర్భజలమును నగరమునకును మనలి కర్మాగారములకును తోడసాగిరి.

ఇందలి చిక్కు నెఱుగవలయును. తీరభూములలో మంచినీరు తేలికయగుటచే ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరున్నచో, క్రింద సుమారు 40 అడుగుల మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. పైయడుగును తోడివేసితిమా, కాలక్రమమున ఉప్పు 40 అడుగులు పైకెక్కును! మీంజూరున జరిగిన దిదియే. 1969లో తీరమునకు సుమారు 3 కిలోమీటర్లలోనుండిన ఉప్పు 1983 నాటికి 7 కిలోమీటర్ల వఱకు చొచ్చెను. రైతుల బావులు చెడెను. భూగర్భజల నియంత్రణ చట్టము 1987లో వచ్చినది; కాని నేలకెక్కిన ఉప్పు చట్టమునకు జడిసి వెనుదిరుగునా?

1996లో తెలుగుగంగ కాలువవెంట కృష్ణాజలము పూండి చేరెను. 2010లో మీంజూరు దాపుననే సముద్రజలమునుండి రోజునకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీయు శాల వెలసెను. తోడి పాడుచేసికొన్న చోటనే కొని త్రాగవలసివచ్చెనన్నమాట.

మురుగునీటి సంగతి వేఱు. దానిని శుద్ధిచేయు సూక్ష్మజీవులు మలినమును తినునే కాని ఉప్పును తినవు. ఇంట వాడిన ప్రతిసారియు సబ్బువలన, వంటవలన, మలమూత్రములవలన నీటికి మఱికొంత ఉప్పు చేరును. కావున 2019లో కొడుంగయ్యూరు, కోయంబేడులలో, రోజునకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున, ఆ నీటిని పలుచని పొరలగుండ ఒత్తిడితో వడియగొట్టి కర్మాగారముల కంపు శాలలు నెలకొల్పిరి. అయినను ఉప్పు మాయము కాదు. చిక్కని ఉప్పునీరై మిగులును. దానికిని దారి చూపవలయును.

మైలయని ముక్కు మూసికొనువారు కలరు. ఎగువ ఊరి మురుగు కలిసిన నదిలో మునుగునపుడు వారికీ శంక కలుగదేమో! అదే 2019 వేసవిలో నగరపు చెరువులు దాదాపు ఎండిపోయెను. యంత్రములకు మురుగునుండి తీసిన నీరు చాలినంత మేర, చెరువునీరు బిందెతో నిలుచున్న ఇల్లాలికి దక్కును.

ఇంటింట వాననీటిని నేలలోనికి దింపవలెనని 2003లో నిర్బంధించిరి. ఉప్పును వెనుకకు నెట్టున దా మంచినీటి బరువే. ఆ గుంటలలో పేరుకొనిన మట్టిని వానలకు ముందు తీయించుట మాత్రము గృహస్థుని పని.