మునిగిన గండికి ఇంటి రీలే సాక్ష్యం

నది కొండను నిలువునా కోసుకుంటూ పోయిన చోటును తెలుగువాళ్లు గండి అంటారు. పెన్న చెక్కిన గండి ఒడ్డున కట్టారు కాబట్టే అది గండికోట అయింది. అమెరికా పడమటి సీమలో కొలరాడో నది, దానిలో కలిసే గ్రీన్ నది ఇలాంటి గండ్లను వందల మైళ్ల పొడవున తవ్వుకుంటూ పోయాయి. 1938 సెప్టెంబరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కొత్త దంపతులు బెర్నార్ ద కోల్మో, జెన్వియెవ్ ద కోల్మో తమ మిత్రుడు ఆంట్వాన్ ద సేన్‌తో కలిసి, వయోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ ఊరి దగ్గర మూడు కయాక్‌లను నీళ్లలోకి దించారు. నవంబరులో అరిజోనాలోని లీస్ ఫెర్రీ రేవు చేరారు. వాళ్ల వెంట ఒక సినిమా కెమెరా, రంగుల ఫిల్ము ఉన్నాయి. సొంత సరదాకు తీసుకున్న ఇలాంటి రీళ్లను విహారయాత్ర గుర్తుల కింద జమకట్టడం తేలిక. కానీ వాటిలో కనిపించే నది చాలాచోట్ల ఇప్పుడు లేదు. తీసినవాళ్లు చూపాలనుకున్న సాహసం పాతబడిపోయింది. వాళ్లు పట్టించుకోకుండా తెర అంచుల్లో వదిలేసిన నీటి రంగు, ఇసుక మేట, ఒడ్డు చెట్లే ఇవాళ చరిత్రకు అక్కరకొస్తున్నాయి. ఔత్సాహికుల ప్రకృతి చిత్రాల అసలు విలువ అక్కడే ఉంది.

ఈ నదిని బొమ్మలో పట్టే ప్రయత్నం ఆ జంటతో మొదలవలేదు. 1869 మే నెలలో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ అదే గ్రీన్ రివర్ నుంచి 4 పడవలతో, తనతో కలిపి 10 మందితో బయలుదేరాడు. ఫ్లేమింగ్ గార్జ్, లొడోర్, గ్లెన్ కాన్యన్ వంటి పేర్లు ఆ యాత్రల నుంచి వచ్చినవే. 1871లో రెండోసారి వెళ్లినప్పుడు ఫొటోగ్రాఫరును వెంటపెట్టుకున్నాడు. గాజు పలకకు అక్కడికక్కడే మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి కడగాల్సిన కాలమది. పారే నీరు ఆ పలకల మీద పొగమంచులా తెల్లగా అలుక్కుపోయేది. కదిలే బొమ్మను 1911–12లో కోల్బ్ సోదరులు సాధించారు. గ్రాండ్ కాన్యన్ అంచున స్టూడియో నడిపిన ఎల్స్‌వర్త్, ఎమరీ చేత్తో తిప్పే కెమెరాతో నది పొడవునా వెళ్లి సినిమా తీశారు. 1976లో ఎమరీ చనిపోయేదాకా దశాబ్దాల పాటు ఆ స్టూడియోలో దాన్ని సందర్శకులకు వేసి చూపుతూనే వచ్చారు. అది వాళ్ల బతుకుదెరువు. టికెట్టు కొన్నవాడు కోరుకునేది పడవ తలకిందులవుతుందా లేదా అన్న ఉత్కంఠ. కాబట్టి కెమెరా ముందు నిలిచింది పడవ. నది వెనక తెరగా మిగిలింది.

మామూలు మనుషుల చేతికి కెమెరా వచ్చింది 1923లో. ఆ ఏడాది కొడాక్ సంస్థ 16 ఎం.ఎం. ఫిల్మును, దానికి తగిన చిన్న కెమెరాను విడుదల చేసింది. అప్పట్లో సినిమా హాళ్లలో వాడిన నైట్రేట్ ఫిల్ము చటుక్కున అంటుకునే రకం. ఈ కొత్త ఫిల్ము అలా భగ్గుమనదు కాబట్టి ఇంట్లో పెట్టుకోవచ్చు. తర్వాత గడియారంలా కీ ఇచ్చి వదిలే కెమెరాలు వాడుకలోకి వచ్చాయి. 1935లో కొడాక్రోమ్ రంగుల ఫిల్ము వచ్చింది. 100 అడుగుల రీలు మూగ సినిమా వేగంలో నాలుగు నిమిషాలకు అయిపోతుంది. కాబట్టి వారాల తరబడి సాగే యాత్రలో ఎక్కడ మీట నొక్కాలో ఆచితూచి ఎంచుకోవాలి. దీనికి తోడు, నురగలు కక్కే దుముకు దగ్గర కెమెరా పట్టినవాడు ముందే దిగి, బండ మీద నిలబడితేనే పడవ వస్తున్న దృశ్యం దొరుకుతుంది. అంటే ఒకరు నీళ్లలో, ఒకరు ఒడ్డున. భార్యాభర్తలు కలిసి చేసే సినిమాకు ఈ పని విభజనే రూపమిచ్చింది. 1928లో పెళ్లైన కొద్ది నెలలకే చెక్క పడవలో ఈ నదిలో దిగిన గ్లెన్, బెస్సీ హైడ్ దంపతుల వెంట ఫొటో కెమెరా ఉండేది. గ్రాండ్ కాన్యన్ దిగువ భాగంలో పడవ చెక్కుచెదరకుండా దొరికింది, కెమెరా దొరికింది. ఆ ఇద్దరు మాత్రం దొరకలేదు. వాళ్ల చివరి రోజుల గురించి తెలిసిన కొద్దిపాటి సంగతుల్లో కొన్ని ఆ ఫిల్ము చెప్పినవే.

1938 ఈ నదికి విచిత్రమైన సంవత్సరం. వేసవిలో మిషిగన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఎల్జాడా క్లోవర్, లోయిస్ జోటర్ ఇద్దరూ పడవ సరంగు నార్మన్ నెవిల్స్ పడవల్లో గ్రాండ్ కాన్యన్ మొత్తం దాటారు. అలా దాటిన తొలి స్త్రీలు వాళ్లే. శరత్తులో బజ్ హోమ్‌స్ట్రమ్, ఏమస్ బర్గ్ సినిమా కెమెరాతో వెళ్లారు. అదే శరత్తులో కోల్మో దంపతులు. నీళ్లలో జెన్వియెవ్ కయాక్ జెన్వియెవ్‌దే. భర్త పడవలో కూర్చుని వెళ్లిన ప్రయాణికురాలు కాదామె. ఈ మూడు బృందాల్లో ఫ్రెంచి జంట దారినే తీసుకోండి. వయోమింగ్ నుంచి లీస్ ఫెర్రీ దాకా వాళ్లు దాటిన గండ్లకు తర్వాతి పాతికేళ్లలో వేర్వేరు గతులు పట్టాయి. ఎగువన ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట నిలిపిన నీళ్ల కింద ఎర్ర కొండల లోయలూ, 1825లో విలియం ఆష్లీ తన పేరు రాసిపోయిన బండ ఉన్న ఆష్లీ ఫాల్స్ కూడా 1960ల మొదట్లో మునిగిపోయాయి. దిగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట 1963 మార్చిలో నీటిని ఆపింది. లేక్ పావెల్ 1980లో పూర్తిగా నిండేసరికి 186 మైళ్ల పొడవున, కాటరాక్ట్ కాన్యన్ దిగువ భాగంతో సహా అన్నీ జలాశయం అడుగుకు చేరాయి. నడుమనున్న లొడోర్ మాత్రం బతికిపోయింది. ఒకే ప్రయాణంలో మూడు తలరాతలు.

లొడోర్ బతకడం వెనక కూడా ఒక ఇంటి రీలు ఉంది. యూటా, కొలరాడో రాష్ట్రాల సరిహద్దులోని డైనోసార్ జాతీయ స్మారకవనంలో ఎకో పార్క్ దగ్గర ఆనకట్ట కట్టడానికి 1950లో కేంద్ర అంతరంగిక శాఖ మంత్రి ఆమోదం తెలిపాడు. అది కట్టి ఉంటే లొడోర్ మునిగేది. 1952లో హెరాల్డ్ బ్రాడ్లీ అనే విశ్రాంత జీవరసాయన శాస్త్రజ్ఞుడు కుటుంబంతో ఆ నదిలో తెప్ప యాత్ర చేసి, దాన్ని సినిమా తీసి, ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ సభ్యులకు చూపించాడు. అది బంజరు, ప్రమాదకరమైన చోటన్న మాట అప్పట్లో వ్యాప్తిలో ఉండేది. తెర మీద కుటుంబం నవ్వుతూ తుళ్లుతూ పోతుంటే ఆ మాట నిలవలేదు. క్లబ్ నాయకుడు డేవిడ్ బ్రోవర్ పోరాటానికి సిద్ధమయ్యాడు. 1953లో సభ్యులు గుంపులుగా నదికి వెళ్లారు. చార్లెస్ ఎగర్ట్ క్లబ్ కోసం 'వైల్డర్నెస్ రివర్ ట్రయిల్' తీశాడు. 1956 ఏప్రిల్‌లో వచ్చిన కొలరాడో నదీ జలాల నిల్వ చట్టంలో ఎకో పార్క్ ఆనకట్ట లేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఒక్క కుటుంబ చిత్రం నదిని కాపాడిందనడం అతిశయోక్తి కాదా? అవును, అంతే అంటే అతిశయోక్తే. రచయిత బెర్నార్డ్ డివోటో 1950లోనే జనాదరణ ఉన్న పత్రికలో ఈ ఆనకట్టకు వ్యతిరేకంగా రాసి దేశాన్ని కదిలించాడు. జలాశయం నుంచి ఆవిరయ్యే నీటి లెక్కలో ప్రభుత్వ ఇంజనీర్ల తప్పును బ్రోవర్ 1954లో కాంగ్రెస్ సంఘం ముందు మామూలు కూడికలు, తీసివేతలతో బయటపెట్టాడు. ఒక స్మారకవనంలో ఆనకట్టకు చోటిస్తే మిగతా వనాలకూ ఎసరు వస్తుందన్న భయం అన్నిటికంటే బలంగా పనిచేసింది. రీలు ఓట్లు తెచ్చిపెట్టలేదు. ఓట్లు తేగలవాళ్లను నమ్మించింది. దీనికి ఎదురు రుజువు గ్లెన్ కాన్యన్. దాని గురించి 1963లో సియెరా క్లబ్ అచ్చేసిన ఎలియట్ పోర్టర్ ఛాయాచిత్రాల పుస్తకం పేరుకు అర్థం ఎవరికీ తెలియని చోటు అని. నిజానికి ఆ చోటు ఎంతోమందికి తెలుసు. 1950లలో టాడ్ నికొల్స్, కేటీ లీ వంటివాళ్లు దాని మూలమూలలా తిరిగి బొమ్మలు తీశారు. బొమ్మలకు కొదవ లేదు. చట్టం అండ లేదు. గ్లెన్ ఏ జాతీయ వనంలోనూ లేదు. కాబట్టి రీలుకు నదిని కాపాడే శక్తి తనంతట లేదని ఒప్పుకోవాలి. నది పోయాక మిగిలే శక్తి మాత్రం దానికి ఉంది.

రెండో అభ్యంతరం చరిత్రకారులది. గ్లెన్ మునిగే ముందు 1957 నుంచి 1963 వరకు పురావస్తు శాస్త్రజ్ఞులు గాలించి 2,000కు పైగా పురాతన స్థలాలను నమోదు చేశారు. అంత పకడ్బందీ లెక్క ఉండగా కుదుపుల సినిమా ఎందుకన్నది ప్రశ్న. మనకూ తెలిసిన కథే ఇది. నాగార్జునసాగర్ నిండకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విజయపురి లోయను తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని నాగార్జునకొండ మీదికి చేర్చారు. శిల్పం నిలిచింది, కానీ లోయలో గాలి ఎటు వీచిందో, కృష్ణ ఏ రంగులో పారిందో ఆ నివేదికలు చెప్పవు. తవ్వేవాడి కన్ను రాతి మీద ఉంటుంది. కొలరాడో రంగు సంగతీ అంతే. ఆ స్పానిష్ మాటకు ఎర్రనిది అని అర్థం. ఒండ్రుతో ఎర్రగా, వేసవిలో వెచ్చగా పారిన ఆ నది గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన ఇప్పుడు తేటగా, చల్లగా పోతోంది. ఇసుక రాక ఆగి మేటలు కరిగిపోతుంటే, వాటిని మళ్లీ నిలపడానికి 1996లో ఆనకట్ట నుంచి కావాలనే వరద వదిలారు. పూర్వం మేట ఎంత ఉండేదో తెలియనిదే ఈ వరద ఫలించిందో లేదో ఎలా కొలుస్తారు? అందుకు పాత బొమ్మలే కొలబద్ద. క్లోవర్, జోటర్ల మొక్కల పట్టిక 1944లో అచ్చయింది. 1994లో వృద్ధురాలైన జోటర్‌ను మళ్లీ నది మీదికి తీసుకెళ్లి ఏం మారిందని అడిగారు. మనిషి జ్ఞాపకానికి అంత విలువ ఇచ్చినప్పుడు, ఆమె మొదట వెళ్లిన 1938లోనే రంగుల్లో తీసిన ఫిల్ముకు తక్కువ ఇవ్వడం తగదు.

మూడో అభ్యంతరం బరువైనది. ఈ చిత్రాలన్నీ నిర్మానుష్యమైన అడవి నది అన్న అబద్ధాన్ని చెబుతాయి. అక్కడ యూట్, పైయూట్, నవాహో జనం తరతరాలుగా ఉన్నారు. ఇది నిజం. నాలుగు నిమిషాల రీలులో దుముకులకు చోటిచ్చినవాళ్లు మనుషుల ఇళ్లకు ఇవ్వలేదు. లేక్ పావెల్ నీళ్లు తమకు పవిత్రమైన రెయిన్‌బో బ్రిడ్జి రాతి తోరణం కిందికి వచ్చినప్పుడు నవాహోలు కోర్టుకెక్కి 1980లో ఓడిపోయారు. ఆ తోరణం కింద పూర్వం ఏముండేదో వాళ్లకు సినిమా చెప్పక్కర్లేదు. అయినా ఈ లోపం రీలును పక్కన పెట్టడానికి కారణం కాదు, జాగ్రత్తగా చదవడానికి కారణం. దుముకులు ఎక్కువ, నిదానపు నీళ్లు తక్కువ, కెమెరా పట్టినవాడు అసలే కనబడడు, స్థానికులు లేరు అని ముందే తెలిస్తే ఏ పక్షపాతమైనా లెక్కలోకి వస్తుంది. శాసనంలో రాజు పొగడ్తను తీసివేసి తేదీని, ఊరి పేరును తీసుకుంటున్నాం కదా. ఇదీ అంతే. పైగా ఉద్దేశించి చెప్పినదానిలోనే అబద్ధం ఎక్కువగా దూరుతుంది. తీసినవాళ్ల ధ్యాస పడవ మీద ఉంటే, వెనకనున్న ఇసుక మేట గురించి అబద్ధమాడే అవసరం వాళ్లకు లేదు.

కరువు ఈ వాదానికి కొత్త బలం తెచ్చింది. 2023 ఫిబ్రవరి నాటికి లేక్ పావెల్ సామర్థ్యంలో నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయింది. మునిగిన పక్క గండ్లు బురద పూసుకుని బయటపడ్డాయి. ఏది నది పని, ఏది జలాశయం వదిలిన మేట అని తేల్చడానికి పాత బొమ్మలు మళ్లీ అవసరపడుతున్నాయి. కోల్మో దంపతుల చిత్రాన్ని ఇయన్ మక్‌క్లస్కీ వెతికి పట్టుకుని, అదే దారిలో కయాక్ మీద వెళ్లి 'వాయేజర్స్ వితౌట్ ట్రేస్' డాక్యుమెంటరీ తీశాడు. కొడాక్రోమ్ రంగు చీకట్లో దశాబ్దాలు నిలుస్తుంది. దాన్ని మోసే ఎసిటేట్ పట్టీ మాత్రం పులిసి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. రంగు నిలిచినా రీలు నిలవదు. నిలిచినా, ఏ వంపు దగ్గర ఏ నెలలో తీశారో రాసి లేకపోతే అది సాక్ష్యం కాదు, వట్టి బొమ్మ.

మన గోదావరి మీద పాపికొండల నడుమ లాంచీ ప్రయాణాలను తీసిన వీడియో క్యాసెట్లు తెలుగు ఇళ్ల అటకల మీద లెక్కలేనన్ని ఉన్నాయి. 'అందాల రాముడు' (1973)లో గోదావరి కథకు నేపథ్యం. ఇంటి క్యాసెట్లలో అది అత్తామామల వెనక కదిలే ఒడ్డు. పోలవరం నీళ్లు దేవీపట్నం దగ్గర గండి పోచమ్మ గుడిని ముంచాక, ఆ ఒడ్డు ఎలా ఉండేదో చెప్పే కాగితం కంటే ఆ క్యాసెట్టే నమ్మకమైనది. దాన్ని దించి, కంప్యూటరులోకి ఎక్కించి, నాలుగు సంగతులు రాసి పెట్టండి: ఏ రేవు, ఏ నెల, ఏ సంవత్సరం, ఒడ్డున కనిపించే కొండరెడ్డి గూడెం పేరేమిటి. గూడెం పేరు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్లను అడగండి.