తెలుగు ఫాంట్ల కంపైలింగ్, దోష సవరణ

తెలుగు యూనికోడ్ ఫాంటు అంటే అక్షరాల బొమ్మలు, అవి ఒకదానితో ఒకటి కలిసే నియమాలు ఒకే ఫైలులో ఉన్న సాఫ్ట్‌వేర్. నియమాలను డిజైనరు రాస్తే కంపైలరు వాటిని బైనరీ పట్టికలుగా మారుస్తుంది. ఫోనులోనో కంప్యూటర్లోనో ఉండే షేపింగ్ ఇంజను ఆ పట్టికలను చదివి తెరపై అక్షరాలను పేరుస్తుంది. అందువల్ల వత్తు పక్కకు జరిగినా, గుడి విడిపోయినా లోపం ఈ మూడింటిలో ఎక్కడైనా ఉండవచ్చు. అది ఎక్కడుందో తేల్చడమే సవరణలో పెద్ద పని.

దిగువ కృష్ణా డెల్టా పేర్లతో రెండు ఫాంట్లు

'మండలి' ఫాంటుకు దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు (1926–1997) పేరు పెట్టారు. ఆయన 1957లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు, తర్వాత అవనిగడ్డ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. విద్యామంత్రిగా ఉండగా 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించారు. 'ఎన్‌టీఆర్' ఫాంటు నందమూరి తారక రామారావు పేరిట వచ్చింది. ఆయన గుడివాడ ప్రాంతపు నిమ్మకూరులో 1923లో పుట్టారు. 1983, 1985 ఎన్నికల్లో గుడివాడ నుంచి గెలిచారు. రెండింటినీ పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసింది. ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నందున వీటిని ఎవరైనా వాడవచ్చు, దిద్ది తిరిగి పంచవచ్చు.

కంపైలింగ్

ఇలాంటి ఫాంటు అక్షర రూపాల గీతలు ఒక మూల ఫైలులో, కలయిక నియమాలు మరో పాఠ్య ఫైలులో ఉంటాయి. ఫాంట్‌మేక్, అడోబీ ఎఫ్‌డీకే, ఫాంట్‌ఫోర్జ్ వంటి పరికరాలు వీటిని కలిపి ఓపెన్‌టైప్ ఫైలును తయారుచేస్తాయి. అందులో జీసబ్ పట్టిక ఏ రూపానికి బదులు ఏది రావాలో చెబుతుంది, జీపాస్ పట్టిక ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది.

'కృష్ణా' అనే మాట కంప్యూటరులో క, వట్రసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం అనే ఆరు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. చివర టైపు చేసిన దీర్ఘం ణకారానికి కాక షకారానికి అతకాలి, ణకారం వత్తుగా కిందికి దిగాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో ఉన్న హార్ఫ్‌బజ్ ఇంజను ఇందుకోసం దీర్ఘాన్ని వత్తు కన్నా ముందుకు జరుపుతుంది, ఆ తర్వాతే ఫాంటు నియమాలను వరసగా అమలు చేస్తుంది. ఇంజను ఒక వరసలో అందిస్తే ఫాంటు నియమం మరో వరసను ఆశించినప్పుడు షకారం, దీర్ఘం విడివిడిగా కనిపిస్తాయి.

లోపాలు, వాటి మూలాలు

అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తే ఫాంటులో ఆ రూపం లేదని అర్థం. చుక్కల వలయం సాధారణంగా పాఠంలోని తప్పును చూపుతుంది: హల్లు లేకుండా గుణింతపు గుర్తు వచ్చినప్పుడు ఇంజను ఆ వలయాన్ని చేరుస్తుంది. 'స్త్రీ' వంటి మాటల్లో కింది వత్తు తెగిపోతే ఫాంటులో పేర్కొన్న ఎత్తు, లోతు కొలతలు చాలలేదని అనుమానించాలి.

తేల్చుకోవడానికి ముందుగా అదే మాటను వేరే ఫాంటులో, తర్వాత అదే ఫాంటును వేరే ఇంజనులో చూస్తారు. హెచ్‌బీ-షేప్ అనే పరికరం ఏ రూపాలు ఏ వరసలో, ఏ స్థానాల్లో వచ్చాయో జాబితాగా ఇస్తుంది. హెచ్‌బీ-వ్యూ వాటిని బొమ్మగా గీస్తుంది. టీటీఎక్స్ కంపైలైన ఫాంటును మళ్లీ చదవగలిగే పాఠంగా విప్పుతుంది. రాసిన నియమం సరిగానే ఉండి విప్పిన పట్టికలో తేడా కనిపిస్తే కంపైలరును దిద్దాలి.

2018 నాటి 'జ్ఞా' లోపం

ఇంజను వైపు లోపానికి పేరుమోసిన ఉదాహరణ తెలుగు అక్షరంతోనే బయటపడింది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం అనే వరసను చూపబోయిన యాప్‌లు కుప్పకూలాయి. అవే సంకేతాలు నోటిఫికేషన్‌లో వస్తే ఫోను హోమ్ స్క్రీనే పనిచేయకుండా పోయేది. ఈ నాన్ జాయినర్ కంటికి కనిపించదు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో వకారం వత్తుగా మారకుండా ఆపేది అదే. లోపం ఆపిల్ షేపింగ్ ఇంజను కోర్‌టెక్స్ట్‌లో ఉంది, కొన్ని బెంగాలీ వరసలూ దాన్ని రేపాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దిద్దారు. మ్యాక్, వాచ్, టీవీ వ్యవస్థలకూ సవరణలు వచ్చాయి. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2018-4124గా నమోదైన దీన్ని మెమరీ చెడిపోయే లోపంగా పేర్కొన్న ఆపిల్, లోపలికొచ్చే పాఠాన్ని మరింత గట్టిగా సరిచూసేలా మార్చామని తెలిపింది.

సవరణ విడుదల

కొన్ని మార్పులు లోపాల వల్ల కాక ప్రమాణం పెరగడం వల్ల అవసరమవుతాయి. యూనికోడ్‌లో ఴ 2014లో, నకార పొల్లు 2021లో చేరాయి; 2013 నాటి ఫాంటులో ఇవి ఉండే వీలు లేదు. ఏ మార్పు చేసినా పాత పరీక్ష మాటలన్నీ మళ్లీ నడపాలి, ఎందుకంటే ష్ణ కోసం మార్చిన నియమం క్ష రూపాన్ని చెడగొట్టవచ్చు. ఫాంట్‌బేకరీ అనే పరికరం ఇలాంటి తనిఖీలు కొన్నింటిని యాంత్రికంగా చేస్తుంది. అన్నీ సరిపోయాక వెర్షన్ సంఖ్య పెంచి విడుదల చేస్తారు. వెబ్‌సైటు నుంచి ఫాంటును దించుకునే పేజీల్లో సవరణ త్వరగా కనిపిస్తుంది. ఫోనులోనో పీడీఎఫ్ ఫైలులోనో ముందే పొదిగిన పాత ప్రతి మాత్రం పాత లోపంతోనే కొనసాగుతుంది.