గౌలిగూడకి ఎగువన

బడిలో చదివిన భూగోళం పుస్తకాల్లో నది అంటే మంచుకొండల్లో పుట్టేది. గంగకి గంగోత్రి ఉంది, సింధుకి టిబెట్ ఉంది. ఎండాకాలంలో మంచు కరిగి నీళ్ళొస్తాయి కాబట్టి అవి జీవనదులు. మూసీకి ఆ భాగ్యం లేదు. అది పుట్టేది వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో. మన లెక్కలో అదీ చల్లటి చోటే. క్షయరోగులకి ఆ గాలి మంచిదని అక్కడ శానిటోరియం కూడా కట్టారు. కానీ ఆ కొండల ఎత్తు 700 మీటర్ల లోపే. కురిసిన వాన తప్ప నదికి ఇంకో ఆధారం లేదు. వాన లేకపోతే ఇసుక, వాన ముదిరితే వరద.

గౌలిగూడలో నిలబడి చూస్తే ఈ సంగతేదీ కనబడదు. ఇక్కడ మూసీ అంటే రెండు గోడల మధ్య నల్లటి నీళ్ళు, ముక్కు మూసుకుని దాటే వంతెన. నేనూ చాలాకాలం 1908 వరదని ఇక్కణ్ణించే చదివాను. సెప్టెంబర్ 28, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. సుమారు 15,000 మంది చనిపోయారనీ, 19,000 ఇళ్ళు కూలాయనీ అంటారు. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ దగ్గర్లోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద కథ చెప్పేవాళ్ళందరూ ఈ చెట్టు దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం అసలు కథ అక్కణ్ణించి పడమటికి, చెరువుల్లోకి వెళ్తుందనిపిస్తుంది.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన ముందు తేల్చుకోవాలనుకున్నది, అంత నీరు ఎక్కణ్ణించి వచ్చిందన్నది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. అది చాలా పెద్ద వానే. అయితే ఆయన లెక్కలో ఇంకొకటి కూడా తేలింది. నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి, అంటే చదరపు మైలుకి దాదాపు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి.

మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. మామూలు ఏడాదిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. ప్రతి కట్టా కొంచెం నీటిని ఆపుతుంది, వాగు నెమ్మదిస్తుంది. కానీ ఒక కట్ట తెగితే ఆ చెరువు నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగితే రెండు చెరువుల నీళ్ళు మూడోదాని మీదికి పోతాయి. అలా మూసీ, ఈసీ రెండు పాయల మీదా పేరుకున్న నీళ్ళు లంగర్‌హౌజ్ దగ్గర కలిసి పురానాపూల్ వైపు వచ్చాయి. 1578లో కట్టిన ఆ వంతెన నిలబడింది. దాని దిగువన అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు నిలబడలేకపోయాయి.

కాబట్టి విశ్వేశ్వరయ్య చెప్పిన విరుగుడులో ముఖ్యమైన భాగం ఊళ్ళో లేదు. ఒడ్డున గోడలు కట్టమన్నాడు, నిజమే. కానీ అసలు పని ఎగువన రెండు పాయల మీదా జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టి ఉంచి, మెల్లగా వదలడం. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవే నగరానికి మంచినీళ్ళూ ఇచ్చాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. తాగడానికైతే జలాశయం నిండుగా ఉండాలి, వరద ఆపడానికైతే ఖాళీ ఉండాలి. సెప్టెంబర్ చివర్లో నిండుకుండలా ఉన్న జలాశయం మీద మళ్ళీ పెద్ద వాన పడితే గేట్లెత్తడం తప్ప దారి లేదు. 2025 సెప్టెంబర్ చివర్లో జరిగింది అదే. మూసీ నీళ్ళు ఇమ్లిబన్ బస్‌స్టేషన్‌లోకి వచ్చాయి, ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. గౌలిగూడ బస్టాండు రద్దీని తగ్గించడానికి 1994లో మనం ఆ బస్‌స్టేషన్ కట్టుకున్న చోటు రెండు పాయల నడుమ ఉన్న నదీగర్భం.

గొలుసు సంగతి కూడా పాతబడలేదు. 2020 అక్టోబర్ వానలకి పాతబస్తీ పక్కన పల్లె చెరువు, తర్వాత గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. తేడా ఏంటంటే, 1908లో చెరువు కింద పొలాలుండేవి, ఇప్పుడు ఇళ్ళున్నాయి.

జంట జలాశయాలకి నీళ్ళొచ్చే 84 గ్రామాల్లో నిర్మాణాల మీద 1996లో జీవో 111 ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వాటిని ఎత్తేసింది. తాగునీటికి ఇప్పుడు కృష్ణా, గోదావరి ఉన్నాయి కదా అన్నది వాదన. అక్కడి రైతులు తమ భూమికి విలువ రాలేదని అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ వాదన తాగునీటి దగ్గరే ఆగిపోయింది. ఆ నేల పని నీళ్ళివ్వడం మాత్రమే కాదు, వానని పీల్చుకుని ఆలస్యంగా వదలడం కూడా. కాంక్రీటు పరిస్తే నేలకి ఆ గుణం పోతుంది. కృష్ణా నీళ్ళు పైపులో తెచ్చుకోవచ్చు. ఆ ఆలస్యాన్ని ఇంకెక్కణ్ణించీ తెచ్చుకోలేం.

మూసీకి ముచుకుంద అనీ పేరుంది. అనంతగిరి గుహలో నిద్రపోతున్న ముచికుందుణ్ణి కాలయవనుడు కృష్ణుడనుకుని కాలితో తన్ని లేపి, ఆయన చూపుకి భస్మమయ్యాడని స్థలపురాణం. ఇప్పుడు సుందరీకరణ అంటే మనకి ఒడ్డున దీపాలు, నడకదారులు. గౌలిగూడ దగ్గర అవి వస్తే నేనూ సంతోషిస్తాను. కానీ ఈ ఒడ్డు క్షేమంగా ఉంటుందా లేదా అన్నది ఇక్కడ తేలేది కాదు. అది చేవెళ్ళలో, శంషాబాద్‌లో, మనం ఎప్పుడూ పేరు వినని ఏ కుంట కట్ట మీదో తేలుతుంది.