గిట్ ఒక్కటే దారా? బెంగాలీ, తెలుగు అనువాద ఫైళ్ళు చెప్పే వెర్షన్ కంట్రోల్ కథ

ఏ ఆఫీసు కంప్యూటర్ తెరిచినా ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో 'రిపోర్ట్ ఫైనల్', 'రిపోర్ట్ ఫైనల్ 2', 'కొత్త ఫైనల్ - ఇదే వాడండి' అని వరసగా ఫైళ్ళు ఉంటాయి. ఏది అసలుదో, ఏ వాక్యాన్ని ఎవరు మార్చారో చెప్పగలిగినవాళ్ళు ఆ రోజు సెలవులో ఉంటారు. వేల మంది కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుసలో ఏం మార్చారో దాచిపెట్టి, కావాలంటే పాత స్థితికి తీసుకెళ్ళే ఏర్పాటును వెర్షన్ కంట్రోల్ అంటారు. సీవీఎస్, సబ్‌వెర్షన్, మెర్క్యూరియల్, గిట్, ఫాసిల్ ఇలాంటివే. ఇవన్నీ ఓపెన్ సోర్స్.

వీటిని పోల్చేవాళ్ళు సాధారణంగా వేగం దగ్గర మొదలుపెట్టి, సదుపాయాల పట్టికతో ముగిస్తారు. మన భాషలవాళ్ళలో చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలకు వీటితో పరిచయం కోడ్ ద్వారా కాక అనువాదాల ద్వారా జరిగింది. అందుకే ఇక్కడ కోల్‌కతా వైపు నుంచి మొదలుపెడుతున్నాను.

2000ల తొలినాళ్ళలో లినక్స్ డెస్క్‌టాప్‌ను బెంగాలీలోకి తేవడానికి 'అంకుర్' అనే బృందం పనిచేసింది. కోల్‌కతా, ఢాకాలతో పాటు విదేశాల్లో ఉన్న బెంగాలీలూ అందులో ఉన్నారు. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌ల మెనూలు, హెచ్చరికలు, బటన్ల మీది మాటలు పీవో ఫైళ్ళలో ఉంటాయి. పైన ఇంగ్లిష్ వాక్యం, కింద అనువాదం. తెలుగు అనువాదాలు జరిగిందీ ఇలాంటి ఫైళ్ళలోనే. అప్పట్లో ఈ ప్రాజెక్టులన్నీ సీవీఎస్‌లో ఉండేవి.

1986లో డిక్ గ్రూన్ మొదలుపెట్టిన సీవీఎస్ ప్రతి ఫైలు చరిత్రనూ విడివిడిగా దాస్తుంది. ఇరవై ఫైళ్ళు ఒకేసారి పంపుతుంటే పన్నెండో ఫైలు దగ్గర లైన్ తెగిందనుకోండి, పన్నెండు కొత్తవి, ఎనిమిది పాతవి సర్వర్‌లో మిగిలిపోతాయి. డయలప్ కనెక్షన్ల రోజుల్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. ఫైలు పేరు మారిస్తే దాని చరిత్ర అక్కడితో తెగిపోయేది.

ఈ లోపాలను సరిచేయడానికే 2000లో సబ్‌వెర్షన్ పని మొదలైంది, 2004లో 1.0 వచ్చింది. ఇందులో ఒక కమిట్ మొత్తంగా చేరుతుంది, లేదా అసలు చేరదు. మొత్తం రిపోజిటరీకి ఒకే వరుస సంఖ్య నడుస్తుంది. కేడీఈ 2005లో దీనికి మారింది, 2009 జులైలో ఆ సంఖ్య పది లక్షలు దాటింది.

2005 ఏప్రిల్‌లో ఇంకో మలుపు వచ్చింది. లినక్స్ కెర్నల్ బృందం వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడే వీలు పోయింది. అది ఓపెన్ సోర్స్ కాదు కాబట్టి యజమాని మాటే చెల్లింది. లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. అవే రోజుల్లో మాట్ మాకల్ మెర్క్యూరియల్ మొదలుపెట్టారు. రెండింటి మూలసూత్రం ఒకటే: చరిత్ర సర్వర్ దగ్గరే కాకుండా, ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ పూర్తిగా ఉంటుంది. నెట్ లేకుండా కమిట్ చేయొచ్చు, వెనక్కి చూడొచ్చు, బ్రాంచ్ తీయొచ్చు. లైన్ వచ్చాక పంపొచ్చు.

గ్నోమ్ 2009లో సబ్‌వెర్షన్ వదిలి గిట్‌కు వెళ్ళింది. కేడీఈ కూడా ఆ తర్వాతి ఏళ్ళలో కోడ్‌ను గిట్‌కు మార్చింది. అయితే అనువాదాలను మాత్రం సబ్‌వెర్షన్‌లోనే ఉంచుకుంది. దీన్ని పాత అలవాటు అనుకుంటే పొరపాటు. సబ్‌వెర్షన్‌లో తెలుగు అనువాదకులు తెలుగు ఫోల్డర్ ఒక్కటే దించుకుంటారు, బెంగాలీవాళ్ళు బెంగాలీది. మిగతా పదుల భాషల బరువు మోయక్కర్లేదు. మధ్యలో కనెక్షన్ తెగితే, మళ్ళీ అప్‌డేట్ చేసి ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు.

గిట్‌లో క్లోన్ అంటే మామూలుగా మొత్తం చరిత్ర వస్తుంది. తొంభై శాతం దగ్గర ఆగిపోతే మళ్ళీ సున్నా నుంచే. హాస్టల్ వైఫైలోనో, ఫోన్ హాట్‌స్పాట్ మీదో పెద్ద రిపోజిటరీ క్లోన్ చేసినవాళ్ళకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. విరుగుళ్ళు ఉన్నాయి. ఇటీవలి చరిత్ర మాత్రమే తెచ్చుకునే షాలో క్లోన్, అవసరమైన ఫైళ్ళే తెచ్చుకునే పార్షియల్ క్లోన్, కొన్ని ఫోల్డర్లనే తెరిచే స్పార్స్ చెకౌట్. చివరిదానికి ప్రత్యేక కమాండ్ 2020 జనవరిలో గిట్ 2.25తో వచ్చింది. వీటిన్నిటికంటే మోటైన ఉపాయం బండిల్: రిపోజిటరీ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి, మామూలు డౌన్‌లోడ్‌లా ఆగి ఆగి దించుకోవచ్చు, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళవచ్చు. ఉపాయాలున్నాయన్న సంగతి కొత్తగా వచ్చే స్వచ్ఛంద కార్యకర్తకు ఎవరు చెబుతారన్నదే చిక్కు.

రెండో తేడా గురించి పోలికల పట్టికల్లో పెద్దగా కనిపించదు. అది పేరుకు సంబంధించినది. సీవీఎస్‌లో, సబ్‌వెర్షన్‌లో కమిట్ చేయాలంటే సర్వర్‌లో అకౌంట్ ఉండాలి, దాన్ని అందరికీ ఇవ్వరు. కాబట్టి అనువాదం చేసినవాళ్ళు ఫైలును మెయిల్‌లో పంపితే సమన్వయకర్త చేర్చేవారు. చరిత్రలో పడేది చేర్చినవారి అకౌంట్ పేరు. రాసినవారి పేరు సమన్వయకర్త గుర్తుపెట్టుకుని సందేశంలో రాస్తేనే ఉంటుంది. పీవో ఫైలు తలకట్టులో 'చివరి అనువాదకుడు' అనే గడి ఉంది, కానీ తర్వాతి మనిషి రాగానే అది మారిపోతుంది. గిట్ మొదటి నుంచీ రాసినవారికీ చేర్చినవారికీ వేర్వేరు గడులు పెట్టింది. కెర్నల్‌లో ప్యాచ్‌లు మెయిల్‌లో వచ్చేవి కనుక టోర్వాల్డ్స్‌కు అది అవసరమైంది. సమన్వయకర్త తన అకౌంట్‌తోనే చేర్చినా, 'ఆథర్' ఆప్షన్ వాడితే అనువాదకుడి పేరు శాశ్వతంగా నిలుస్తుంది. జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని వందల వాక్యాలు అనువదించిన మనిషికి దక్కేది ఆ ఒక్క వరుసే. నా దృష్టిలో గిట్‌కు ఉన్న అతి పెద్ద అనుకూలత ఇదే. వేగం ఆ తర్వాత.

మొజిల్లాది మూడో దారి. ఫైర్‌ఫాక్స్ అనువాదాలు చాలా ఏళ్ళు మెర్క్యూరియల్‌లో, భాషకో రిపోజిటరీగా ఉండేవి. గిట్‌తో పోలిస్తే మెర్క్యూరియల్ ఆదేశాలు తక్కువ, నేర్చుకోవడం సులువు, తెలియక చరిత్రను చెరిపేసే ప్రమాదం కూడా తక్కువ. అయినా జనం గిట్ వైపే వెళ్ళారు. బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్‌కు ఆతిథ్యం ఆపేసింది. మొజిల్లా కూడా గిట్‌కే వెళ్తున్నట్టు 2023లో ప్రకటించింది. ఇప్పుడు అనువాదకులు పాంటూన్ అనే వెబ్ పేజీలో రాస్తే, అదే రిపోజిటరీలో చేర్చి, రాసినవారి పేర్లను కమిట్ సందేశంలో జతచేస్తుంది. వెర్షన్ కంట్రోల్ ఏదన్న ప్రశ్నే అనువాదకుడి దాకా రాదు.

అయితే ఏ సాధనమూ చేయలేని పని ఒకటుంది. కోల్‌కతాలో నీళ్ళను 'జల్' అంటే ఢాకాలో 'పానీ' అంటారు. అలాంటి తేడాల వల్ల బెంగాలీకి చాలా ప్రాజెక్టుల్లో రెండు ఫోల్డర్లు ఏర్పడ్డాయి. మామూలుగా 'బీఎన్' ఒకటి, భారత్‌కు 'బీఎన్-ఐఎన్' మరొకటి. మొజిల్లాలో రెండో దేశానికి 'బీఎన్-బీడీ' ఉండేది. అంటే ఒకే భాషకు రెండు శాఖలు, రెండు బృందాలు, రెట్టింపు పని. మొజిల్లా 2019లో ఈ రెండింటినీ కలిపి ఒకే 'బీఎన్' చేసింది. రెండు శాఖల మధ్య ఎక్కడ తేడా ఉందో మెర్జ్ చూపిస్తుంది, ఏ మాట ఉంచాలో మనుషులే తేల్చాలి. తెలుగుకు రెండు రాష్ట్రాలున్నా 'టీఈ' ఒక్కటే కోడ్. ఆ రకంగా మనం అదృష్టవంతులం. మాటల మీద గొడవలు మాత్రం మనకూ తక్కువేం లేవు.

పీవో ఫైళ్ళకు సాంకేతికంగా ఇంకో తలనొప్పి ఉంది. ప్రతి వాక్యం పైన అది కోడ్‌లో ఏ వరుసలో ఉందో సంఖ్య ఉంటుంది. ప్రోగ్రామర్ పైన రెండు వరుసలు చేరిస్తే కింద సంఖ్యలన్నీ మారతాయి, అనువాదం మారకపోయినా ఫైలంతా మారినట్టే కనిపిస్తుంది. ఇద్దరు వేర్వేరుగా ఫైలును తాజా చేసుకుని పనిచేస్తే గిట్‌లో ఘర్షణలు వరదలా వస్తాయి. తాజా చేసే పని ఒక్కరికే అప్పగించడమే దీనికి మందు. కేడీఈలో ఆ పనిని 'స్క్రిప్టీ' అనే ఆటోమేటిక్ ప్రోగ్రామ్ చేస్తుంది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే బృందం ఏది ఎంచుకోవాలి? కోడ్ అయితే గిట్. సాయం చేసేవాళ్ళు, పుస్తకాలు, ఉచిత హోస్టింగ్ అన్నీ అటే ఉన్నాయి. ఫాంట్లు, స్కాన్ చేసిన పేజీలు, బొమ్మలు ఎక్కువగా ఉంటే సబ్‌వెర్షన్‌ను తీసిపారేయకండి. రెండు ఫాంట్ ఫైళ్ళను మెర్జ్ చేయడం కుదరదు కాబట్టి, ఒకరు మారుస్తున్నప్పుడు మరొకరు ముట్టకుండా అది తాళం వేయగలదు. నలుగురైదుగురే ఉండి సర్వర్ నడిపే ఓపిక లేకపోతే ఫాసిల్ చూడండి. ఎస్‌క్యూలైట్ రాసిన రిచర్డ్ హిప్ దాన్ని తయారుచేశారు. చరిత్ర, వికీ, లోపాల చిట్టా అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఎస్‌క్యూలైట్ ప్రాజెక్టు 2009 నుంచి దాని మీదే నడుస్తోంది. సీవీఎస్‌ను ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఇంకా వాడుతున్నారు, వాళ్ళకు కుదిరింది. కొత్తవాళ్ళు దాని జోలికి వెళ్ళనవసరం లేదు.

గిట్ ఎంచుకుంటే మొదటి కమిట్‌కు ముందే ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో పేరు, మెయిల్ సరిగా పెట్టించండి. తర్వాత మార్చాలంటే చరిత్రనే తిరగరాయాలి. పేరు గడిలో యూనికోడ్ పనిచేస్తుంది కాబట్టి తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు.