ఒక్క రేకు – పెక్కు రంగులు

ఉగాది సంచికలో ఒక చరిత్ర వ్యాసము ఉండవలెనని మన సంఘము పెద్దల కోరిక. శాతవాహనులను గూర్చి, గజపతులను గూర్చి, రాయలవారిని గూర్చి వ్రాయదగినవారు మనలో వేరే కలరు. మేము రైల్వే కచేరీలో గుమాస్తా పని చేయువారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించిన మాకు శాసనములు చదువు నేర్పు లేదు. కావున రాజులను విడిచి, మన కాలమునకు చేరువయైన ఒక తెనుగు కళాకారుని చరిత్రను చదువరుల ముందుంచుచున్నాము. బొమ్మలు వేయు పిల్లవాడో, పిల్లయో ఇంటనున్న ప్రతి తల్లిదండ్రులకు ఈ చరిత్రతో పని గలదు.

చిత్తూరు జిల్లా నందనూరు గ్రామమున 1925వ సంవత్సరములో కృష్ణారెడ్డిగారు జన్మించిరి. కలిగిన కుటుంబము కాదు. తండ్రి పొలము పనులతోపాటు దేవాలయములకు బొమ్మలు మలచుట, గోడలపై చిత్రములు వేయుట ఎరిగినవాడు. పిల్లవాడు తండ్రి చేతి క్రిందనే మొదటి పాఠములు నేర్చుకొనెను. తరువాత మదనపల్లె చేరువనున్న ఋషివేలీ పాఠశాలలో చదువు సాగెను. అటుపిమ్మట 1940 దశకమున శాంతినికేతనపు కళాభవనములో చేరి, నందలాల్ బోసుగారికి శిష్యుడయ్యెను. 1943 నాటి బెంగాలు కరువు ఆయన అక్కడ ఉన్న కాలముననే వచ్చినది.

శాంతినికేతనమని తేలికగా అనుచున్నాము గాని, అది ఎట్టి చోటో కొంచెము చెప్పవలెను. 1902లో ఒకాకురా అను జపాను పండితుడు కలకత్తాకు వచ్చి ఠాకూరుల ఇంటివారితో స్నేహము చేసెను. మరుసటి ఏడు ఆయన ప్రేరణచే తైకాన్, హిషిదా అను ఇరువురు జపాను చిత్రకారులు వచ్చి, అవనీంద్రనాథ ఠాకూరు ప్రక్కన కూర్చుండి చిత్రములు వ్రాసిరి. వారు మన పురాణ కథలను నేర్చుకొనిరి; మనవారు వారి నీటిరంగుల పూత పద్ధతిని గ్రహించిరి. రవీంద్రులు 1919లో కళాభవనమును, 1921లో విశ్వభారతిని నెలకొల్పినపుడు ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే పునాదిరాయి అయినది. 1924లో నందలాల్ బోసుగారు రవీంద్రులతో కలిసి చైనా, జపానులు చూచి వచ్చిరి. 1937లో అక్కడ చీనా భవనము వెలసెను. చైనా దేశపు గొప్ప చిత్రకారుడు షూ బెయ్‌హాంగ్ 1939–40లో శాంతినికేతనమునకు అతిథిగా వచ్చెను. ఇంత జరిగిన చోటికి మన చిత్తూరు కుర్రవాడు చేరినాడు. ఓడ ఎక్కకమునుపే అతనికి పరదేశపు గాలి సోకినది.

తెనుగుదేశములో అట్టి తలుపులు తెరచినవారు లేకపోలేదు. రాజమహేంద్రవరము కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావుగారి చేతిలోని నేర్పును గుర్తించి, బొంబాయి జె. జె. కళాశాలకు వెళ్లుటకు తోడ్పడెను. రామారావుగారు 1925లో, ముప్పదియేండ్లైనను నిండకమునుపే మరణించుట మన దురదృష్టము. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాలు నుండి ప్రమోదకుమార చటర్జీగారు వచ్చి చిత్రలేఖనము నేర్పిరి. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులే. ఈ రెండు ఉదాహరణములలోను పరాయి చోటి గురువు, మన చోటి శిష్యుడు కలిసిన పిమ్మటనే ఫలము పండినదని గమనింపవలెను.

మరల కృష్ణారెడ్డిగారి కథకు వత్తము. శాంతినికేతనము విడిచి కొంతకాలము మద్రాసు కళాక్షేత్రములో చిత్రలేఖనము బోధించిరి. తరువాత లండను చేరి, స్లేడ్ పాఠశాలలో హెన్రీ మూర్ వద్ద శిల్పము అభ్యసించిరి. అక్కడి నుండి పారిసుకు పోయి జాడ్కిన్ అను శిల్పి వద్ద పనిచేసిరి. ఇటలీలోని మిలాను నగరమున మారీనో మారీని అను మరియొక శిల్పాచార్యుని వద్దను నేర్చిరి. ఇందరు గురువులను ఆశ్రయించిన ఆయనకు స్థిరమైన పేరు తెచ్చినది మాత్రము పారిసులోని ఒక అచ్చు కర్మశాల. దాని పేరు ‘అతెలియే 17’. అతెలియే అనగా ఫ్రెంచి భాషలో పనిచోటు. అది 1933 నుండి ఉన్న ఇంటి నెంబరు 17 గనుక ఆ పేరు నిలిచినది.

దానిని 1927లో స్థాపించిన స్టాన్లీ విలియం హేటర్ ఇంగ్లీషువాడు. ఆయన చదివినది చిత్రలేఖనము కాదు, రసాయనము, భూగర్భశాస్త్రము. యౌవనమున పర్షియాలోని అబదాన్ చమురు కంపెనీలో ఉద్యోగము చేసి, దానిని విడిచి వచ్చినవాడు. ఉద్యోగము వదలుమని మేము ఎవరికిని ఉపదేశించుట లేదు. కాని కళ ఒక కులమునకో, ఒక చదువునకో కట్టుబడి ఉండదని ఈయన జీవితము చెప్పుచున్నది. ఆ కర్మశాలలో పికాసో, మీరో వంటి ప్రసిద్ధులును పనిచేసిరి. నిన్న మొన్న వచ్చిన విద్యార్థులును పనిచేసిరి. యుద్ధము వచ్చినపుడు 1940లో హేటర్ దానిని న్యూయార్కుకు తరలించి, 1950లో తిరిగి పారిసు చేర్చెను.

అక్కడ జరిగిన పని ఏమనగా – రాగి రేకుపైనో, జింకు రేకుపైనో ఉలితో చెక్కియు, ఆమ్లముతో కొరికించియు బొమ్మను ఏర్పరచి, సిరా నింపి, తడి కాగితము వేసి అచ్చు యంత్రములో ఒత్తుట. పూర్వపు పద్ధతిలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రేకు సిద్ధపరచవలెను. నాలుగు రంగులు కావలెనన్న నాలుగు రేకులు, నాలుగు ఒత్తులు. కాగితము వెంట్రుకవాసి జరిగినను బొమ్మ చెడును. కృష్ణారెడ్డిగారు, బొంబాయి నుండి వచ్చిన కైకో మోతీగారు, హేటర్ మొదలగువారు కలిసి పరీక్షలు చేసి ఒక ఉపాయము సాధించిరి. రేకును పలు లోతులలో చెక్కుదురు. సిరాలో అవిసెనూనె హెచ్చుగా కలిపి ఒక దానిని పలుచగాను, తక్కువగా కలిపి మరియొక దానిని చిక్కగాను చేయుదురు. గట్టి రోలరు రేకు మిట్టలను మాత్రమే తాకును. మెత్తని రోలరు పల్లములలోనికి దిగును. పలుచని సిరా పడిన చోట చిక్కని సిరా అంటుకొనదు. ఈ విధముగా ఒక్క రేకు మీద పెక్కు రంగులు తమ తమ చోట్ల నిలిచి, ఒక్క ఒత్తుతో కాగితము మీదికి వచ్చును.

శిల్పము నేర్చిన చేయి గనుకనే ఆయన రేకును కాగితమువలె చూడక, చిన్న శిల్పముగా చూచెను. నందనూరులో తండ్రి నేర్పిన మలచుపని, శాంతినికేతనములో నేర్చిన ప్రకృతి పరిశీలన, లండను, మిలానులలోని శిల్పవిద్య, హేటర్ రసాయన జ్ఞానము – ఇవన్నియు ఆ రేకుపై కలిసినవి. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆ పద్ధతికి ఆయన తెచ్చిన అందము రాకపోయెడిదని మా అభిప్రాయము.

మన చేతిపనులలో తండ్రి కొడుకునకు తప్ప మర్మము చెప్పకుండుట వాడుక. ఆ కర్మశాల రీతి వేరు. ఒకడు కనుగొన్నది ప్రక్క బల్లవాడు చూచును. చూచినది తన దేశమునకు తీసికొని పోవును. 1964 మొదలు కృష్ణారెడ్డిగారు హేటరుతోపాటు ఆ కర్మశాలకు సహ నిర్వాహకులుగా ఉండిరి. 1968లో పారిసు విద్యార్థులు వీధులలోనికి వచ్చిన ఘట్టము ఆయన చిత్రములలోనికిని ఎక్కినది. 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చెను. 1970 దశకపు రెండవ భాగమున న్యూయార్కు చేరి, అక్కడి విశ్వవిద్యాలయములో చిరకాలము అచ్చుకళ బోధించిరి. 2018 ఆగస్టులో ఆ నగరముననే పరమపదించిరి.

పోయినవాడు తిరిగి కాపురమునకు రాలేదు. ఇందులోని నష్టమును మేము దాచుట లేదు. పారిసు, న్యూయార్కు కళాశాలలలో గౌరవముతో పలికిన పేరు మన ఇండ్లలో చాలామందికి తెలియదు. అయినను ఆయన మార్గమున పోయినవారు కలరు. ధర్మపురి వారైన దేవరాజ్ డాకోజీగారు హైదరాబాదు, బరోడాలలో చదివి, న్యూయార్కులోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ అచ్చు కర్మశాలలో పనిచేసినవారు.

ఇక మన సంగతి. 1893–96 మధ్య బెజవాడ నుండి కటకము వరకు రైలుమార్గము పడినపుడు, దానివెంట ఎందరో తెనుగువారు ఈ ఒరియా దేశమునకు వచ్చిరి. వారికి ఇచ్చటి భాష తెలియదు, బంధువులు లేరు. అయినను వచ్చి, పని నేర్చి, ఇండ్లు కట్టి, మనకు ఈ ఉగాది మిగిల్చిరి. వలస వచ్చినవారి మనుమలమైన మనమే “బొమ్మలు వేసిన కూడు పెట్టునా? పరదేశము మనకేల?” అని పిల్లలను గదమాయించుట న్యాయమా? కూటి భయము నిజమే. నెలజీతము విలువ మాకు తెలియును. కాని భయమునకు మందు దారి తెలిసికొనుటయే గాని, తలుపు మూయుట కాదు.

దారులు దగ్గరనే మొదలగును. గంజాము జిల్లా ఖల్లికోటలో 1957లో స్థాపించిన ప్రభుత్వ కళాశాల కలదు. భువనేశ్వరమున లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రములో అచ్చుకళకు, శిల్పమునకు పనిశాలలు కలవు. అహమ్మదాబాదులో 1961లో వెలసిన జాతీయ డిజైను సంస్థ వంటి చోట్ల చదువువారు, చదువు మధ్యలోనే కొన్ని నెలలు విదేశపు కళాశాలలో గడిపి వచ్చు ఏర్పాట్లును కలవు. అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందము 1950లో జరిగినది. 2008 ఒప్పందము తరువాత అది ఫుల్‌బ్రైట్–నెహ్రూ అను పేరుతో రెండు ప్రభుత్వముల ఖర్చున నడచుచున్నది. జర్మనీ వారి డి.ఏ.ఏ.డి. సంస్థ చిత్రకళ, డిజైను, సంగీతము చదువువారికి ప్రత్యేకముగా వేతనములిచ్చును. ఇట్టి వానికి మార్కుల పట్టిక ఒక్కటి చాలదు. విద్యార్థి స్వయముగా చేసిన పనుల సంపుటము, తానేమి నేర్వగోరుచున్నాడో తెలుపు లేఖ, గురువుల సిఫారసు, భాషాపరీక్ష అడుగుదురు. గడువులు, వయోపరిమితులు మారుచుండును. కావున దళారుల మాట వినక, ఆ సంస్థల ప్రకటనలనే చూడవలెను. పనుల సంపుటము ఒక్క నెలలో తయారగునది కాదు. పదియవ తరగతి నాటి నుండి పిల్లల బొమ్మలను పాత కాగితములలో అమ్మివేయక తేదీ వేసి దాచుట తల్లిదండ్రులు ఖర్చు లేక చేయగల సహాయము.

సంఘము వారికి మా మనవి ఒక్కటే. ప్రతి ఉగాదికి పిల్లలకు చిత్రలేఖనపు పోటీ పెట్టి, సబ్బుపెట్టెయో, స్టీలు గ్లాసో బహుమానముగా ఇచ్చుచున్నాము. ఈ ఏటినుండి ఆ సొమ్ములో కొంత వేరుగా నిలిపి, కళాశాలల ప్రవేశపరీక్షల రుసుమునకు, రాకపోకల ఖర్చునకు ఒక విద్యార్థికైనను ఇత్తము. దరఖాస్తులు నింపు పనికి గుమాస్తాలము మేమున్నాము. ఆ విద్య మాకు బాగుగా వచ్చును. ఆదివారము ఉదయము సంఘ భవనములో కూర్చుండుటకు సిద్ధము.

నూతన సంవత్సరము మన పిల్లల చేతులకు పనియు, ఆ పనికి గుర్తింపును ప్రసాదించుగాక!